రంగం వెళ్లిన ముత్తాత జాడ ఎక్కడ వెతకాలి?

మర్రిపాలెం_కిరణ్
మా నాన్నగారి తాత రంగం వెళ్లాడు. రంగూన్ అన్నమాట, మా ఇంట్లో ఇప్పటికీ రంగమే అంటారు. మధ్యలో రెండుసార్లు ఊరొచ్చాడట. రెండోసారి తెచ్చిన టేకు పెట్టె మా పెదనాన్న ఇంట్లో ఇంకా ఉంది, అందులో బియ్యం పోసుకుంటున్నారు. యుద్ధంలో అక్కడ బాంబులు పడ్డాక ఉత్తరం లేదు, కబురు లేదు. మా తాతమ్మ పోయేదాకా బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు.

వంశవృక్షాలు వెతికిపెట్టే ఫారిన్ వెబ్‌సైటు ఒకదానికి ఏడాది చందా కట్టాను. మూడు నెలలు రాత్రిళ్లు కూర్చుని వెతికా. బర్మా అని కొడితే ఇంగ్లీషు సోల్జర్ల సమాధులు వస్తున్నాయి. ముత్తాత పేరు అప్పలస్వామి అని కొడితే వరసపెట్టి దక్షిణాఫ్రికా డర్బన్ వాళ్లు వస్తున్నారు.

కడుపు మంట ఎక్కడంటే, మా వీధిలోనే ఒకాయనకి వాళ్ల తాతగారి చిన్నాన్న అదే దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్తే ఓడ పేరు, తేదీ, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీద మచ్చ ఎక్కడుందో కూడా దొరికింది. అంత దూరం వెళ్లినవాడికి అన్నీ ఉంటే, పక్కనే ఉన్న రంగం వెళ్లినవాడికి ఒక్క కాగితం లేకపోవడం ఏంటి? నేను వెతకడంలో తప్పా, లేక అసలు లేవా?

భీమిలి_బుజ్జి
చందా డబ్బులు వెనక్కి ఇవ్వరా వాళ్లు? ముందు అది కనుక్కో తమ్ముడూ. ముత్తాత ఎలాగూ ఎనభై ఏళ్లు ఆగాడు.

సముద్రం_మాస్టారు
కిరణ్ గారూ, మీరు వెతకడంలో తప్పు లేదు. దగ్గర కాబట్టే కాగితం లేదు.

నాటాల్, ఫిజీ, మారిషస్ వెళ్లినవాళ్లు ఒప్పందం మీద వెళ్లిన కూలీలు. అక్కడి చెరకు తోటల యజమాని డబ్బు పెట్టి తెప్పించుకున్నాడు. అయిదేళ్లు పని చేయించుకోవాలి, మధ్యలో పారిపోతే పట్టుకోవాలి. అందుకని మనిషి మనిషికీ ఒక నంబరు, ఒంటి గుర్తులు, తండ్రి పేరు, కులం, ఊరు, తాలూకా, జిల్లా. నాటాల్‌కి మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి వెళ్లి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది, అందులో 342 మంది. 1911లో ఆపేసేదాకా మొత్తం సుమారు 1,52,000 మంది వెళ్లారు. ఆ జాబితాలు ఇవాళ్టికీ ఉన్నాయి.

బర్మా సంగతి వేరు. అది 1937 ఏప్రిల్ 1 దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక ప్రాంతం. మనం ఇవాళ హైదరాబాద్ బస్సెక్కినట్టే అప్పట్లో రంగం స్టీమరెక్కడం. పాస్‌పోర్టు లేదు, ఒప్పందపత్రం లేదు. ఊరి మేస్త్రీ పదిమందిని పోగుచేసి, అడ్వాన్సు ఇచ్చి, డెక్కు టికెట్టు కొని ఎక్కించేవాడు. ఎవరు ఎంత బాకీ ఉన్నారో మేస్త్రీ పుస్తకంలో ఉండేది. సర్కారు పుస్తకంలో తలల లెక్క మాత్రం ఉండేది. మీ వీధి ఆయన తాతగారి చిన్నాన్నని కట్టేసి తీసుకెళ్లారు కాబట్టి రాసుకున్నారు. మీ ముత్తాత తన కాళ్ల మీద వెళ్లాడు కాబట్టి రాయలేదు.

మర్రిపాలెం_కిరణ్
మాస్టారూ, ఆ చివరి వాక్యం మా నాన్నగారికి చదివి వినిపించా. కాసేపు మాట్లాడలేదు.

గోదారోడు_వైజాగ్‌లో
మేస్త్రీ బాకీ తీరేదాకా కదలడానికి ఉండేది కాదు కదా మాస్టారూ, ఇంక తన కాళ్ల మీద వెళ్లడం ఏంటి? మా అమ్మమ్మ వాళ్ల నాన్న రంగం మిల్లులో చేశాడు. మొదటి ఏడాది జీతం మొహం చూడలేదు అనేవాడట.

సముద్రం_మాస్టారు
నిజమే, ఒప్పుకుంటున్నా. కట్టేసిన తాడు సర్కారుది కాదు, మేస్త్రీది. కాగితం విషయంలో మాత్రం తేడా అదే.

కొత్తరోడ్డు_కుర్రోడు
డీఎన్‌ఏ టెస్ట్ చేయించు అన్నా. ఉమ్మి పంపిస్తే చాలు, చుట్టాలంతా లిస్ట్ వచ్చేస్తుంది.

భీమిలి_బుజ్జి
ఉన్న చుట్టాలతోనే వేగలేకపోతున్నాం. ఉమ్మి పంపించి కొత్తవాళ్లని తెచ్చుకోవడం ఎందుకు.

ఎంవీపీ_సుధ
ఆ టెస్టు నేను చేయించా. దక్షిణ భారతదేశం అని వచ్చింది. ఆ మాట మా పనమ్మాయిని అడిగినా చెప్పేది. అవతలివాళ్లు కూడా అదే కంపెనీలో చేయించుకుంటేనే చుట్టరికం కలుస్తుంది. బర్మాలో ఉండిపోయిన కూలీ మనవలు ఎంతమంది చేయించి ఉంటారు?

అయినా కిరణ్, ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోకు. దొరికితే ఏం చేస్తావు? అక్కడ ఇంకో పెళ్లి చేసుకున్నాడని తేలితే మీ తాతమ్మ బొట్టు సంగతి ఏంటి?

మర్రిపాలెం_కిరణ్
అది కూడా ఆలోచించాం సుధగారూ. మా నాన్నగారు, "ఉంటే ఉండనీ, బతికున్నాడని తెలిస్తే చాలు" అన్నారు. బతికుంటే ఇప్పుడు నూటపాతికేళ్లు ఉంటాయి, అది వేరే సంగతి.

డర్బన్‌లో_తెలుగోడు
నేను ఉద్యోగం మీద ఇక్కడ ఆరేళ్లుగా ఉంటున్నా, మాది గాజువాక. కిరణ్ గారికి డర్బన్ అప్పలస్వాములు ఎందుకు తగిలారో చెప్తా.

ఓడ జాబితాల్లో ఇంటిపేరు రాయలేదు. మనిషి పేరు, తండ్రి పేరు, అంతే. తర్వాత తరం బడికెళ్లినప్పుడు ఇంటిపేరు ఏంటని అడిగితే తాత పేరో, తండ్రి పేరో చెప్పారు. అలా ఇక్కడ అప్పలసామి, అప్పల్‌రాజు అన్నవి ఇంటిపేర్లయి కూర్చున్నాయి. కొందరు కులం తోక తీసుకుని నాయుడు అయ్యారు. అందుకని ఇక్కడివాళ్లకి మన ఇంటిపేరు తెలియదు, గోత్రం కొంతమందికి తెలుసు. తెలుగు మాట్లాడేవాళ్లు పెద్దవాళ్లలోనే. ఆంధ్ర మహాసభ 1931 నుంచి ఉంది, పాటలు, పండగలు నడిపిస్తూ ఉంటారు.

నా ఆఫీసులో ఒకావిడ తన ముత్తాత రికార్డు తెచ్చింది. క్వాజులు-నాటాల్ యూనివర్సిటీలో గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ అని ఉంది, ఓడ జాబితాలు టైపు చేసి కంప్యూటర్‌లో పెట్టారు. అందులో జిల్లా విశాఖపట్నం, తాలూకా విరవిల్లి, ఊరు "పాలెం". పాలెం ఎక్కడుంది అని నన్ను అడుగుతోంది. ఏం చెప్పను?

భీమిలి_బుజ్జి
పాలెమా! మర్రిపాలెం, కంచరపాలెం, కొత్తపాలెం... ఒక్క సిటీలోనే పది పాలేలు. ఆవిడకి చెప్పు, మనదంతా పాలెమే, ఎక్కడ దిగినా చుట్టాలే.

రిటైర్డ్_ఆర్‌ఐ
విరవిల్లి తాలూకా అంటే ఇప్పటి చోడవరం వైపు. కచేరీ చోడవరంలోనే ఉండేది. పాత తాలూకా పేర్లు తెలియక చాలామంది తప్పు చోట వెతుకుతారు. సర్వసిద్ధి అంటే యలమంచిలి. గొలుగొండ అంటే నర్సీపట్నం. చికాకోల్ అంటే శ్రీకాకుళం, అది 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేది. జిల్లా గంజాం అని కనిపించగానే ఒడియావాళ్లు అనుకుని వదిలేస్తారు. మనవాళ్లే బోలెడుమంది ఉంటారు అందులో.

ఆ ఆవిడకి చెప్పండి. పాలెం ముందు ఏదో మాట ఉండి ఉంటుంది, గుమాస్తాకి అర్థంకాక వదిలేశాడు. అదే ఓడలో అదే తాలూకా నుంచి వరస నంబర్లలో ఎవరున్నారో చూడమనండి. ఒక ఊరివాళ్లు గుంపుగా వెళ్లేవారు. ముందు నంబరువాడికో వెనక నంబరువాడికో ఊరి పేరు పూర్తిగా రాసి ఉండొచ్చు.

డర్బన్‌లో_తెలుగోడు
ఆర్‌ఐ గారూ, ఈ ముక్క ఇక్కడ ఎవరికీ తట్టలేదు. రేపే చూడమంటా.

సముద్రం_మాస్టారు
పేర్లని బట్టి కూడా కొంత పట్టుకోవచ్చు. అప్పలస్వామి, అప్పలరాజు, అప్పన్న, సింహాద్రి, ఇవన్నీ సింహాచలం స్వామి పేర్లు. గుంటూరు దాటితే ఆ పేర్లు అరుదు. కూర్మయ్య, కూర్మినాయుడు అంటే శ్రీకూర్మం, అంటే శ్రీకాకుళం వైపు. పైడియ్య, పైడిరాజు అంటే విజయనగరం పైడితల్లి. నూకరాజు, నూకాలు అంటే అనకాపల్లి నూకాలమ్మ. ఓడ జాబితాలో ఊరు చెడిపోయినా దేవుడు చెడిపోడు.

గోదారోడు_వైజాగ్‌లో
మాస్టారు మళ్లీ మా జోలికొచ్చారు. నూకరాజులు మా వైపూ ఉన్నారండీ, పెద్దాపురం దగ్గర కాండ్రకోట నూకాలమ్మ జాతర చూశారా? అనకాపల్లికే రాసిచ్చేస్తే ఎలా. ఇంకోటి, బర్మావాళ్లు తెలుగువాడు కనిపిస్తే చాలు కోరంగీ అనేవాళ్లు. మా కోరంగి రేవు పేరు అది. శ్రీకాకుళం వాడైనా కోరంగీయే. అక్కడి కాగితంలో కోరంగీ అని కనిపిస్తే ఊరు కోరంగి అనుకుని యానాం పక్కకి పరిగెత్తకండి.

సముద్రం_మాస్టారు
నూకరాజు విషయంలో వెనక్కి తీసుకుంటున్నా. ఈ థ్రెడ్‌లో ఇది రెండోసారి, మా ఆవిడ చూస్తే సంతోషిస్తుంది.

కంచరపాలెం_లక్ష్మి
నేను బర్మా క్యాంపు పిల్లని, ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నా. మా అమ్మమ్మ, తాతయ్య 1964 తర్వాత ఓడలో వచ్చినవాళ్లు. అక్కడ జనరల్ నే విన్ ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసింది, ఆ మే నెలలోనే యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవంది. తాతయ్యకి చిన్న కిరాణా కొట్టు ఉండేదట, పొద్దున్న తాళం తీయడానికి వెళ్తే కొట్టు వాళ్లది కాదు. వచ్చినవాళ్లని ఇక్కడ బర్మా కాందిశీకులు అన్నారు. ఆ కాగితాలన్నీ మా ఇంట్లో ఉన్నాయి. అక్కడ ఇచ్చిన ఫారినర్ రిజిస్ట్రేషన్ పుస్తకం, ఫొటోతో సహా. అమ్మమ్మ ఫొటోలో బర్మా లుంగీ కట్టుకుని, జడలో పువ్వు పెట్టుకుని ఉంటుంది.

అంటే కిరణ్ గారూ, బర్మా నుంచి రెండుసార్లు వచ్చారు మనవాళ్లు. 1964 తర్వాత ఓడల్లో వచ్చినవాళ్లకి కాగితం ఉంది. 1942లో నడిచి వచ్చినవాళ్లకి లేదు. మా తాతయ్య వాళ్ల అన్న ఆ నడకలో పోయాడు. ఎక్కడ పోయాడో కూడా తెలియదు.

మీకు ఒక ప్రశ్న. సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెడతారు కదా. మీ ఇంట్లో ముత్తాత పేరున ఎప్పటినుంచి పెడుతున్నారు?

మర్రిపాలెం_కిరణ్
లక్ష్మిగారూ, ఇది నేనెప్పుడూ అడగలేదు. పెదనాన్నకి ఫోన్ చేసి మళ్లీ వస్తా.

కొత్తరోడ్డు_కుర్రోడు
1942 నడక ఏంటి? రంగూన్ నుంచి నడిచి రావడమా?

సముద్రం_మాస్టారు
అవును నాయనా. 1941 డిసెంబరు 23న జపాన్‌వాళ్లు రంగూన్ మీద బాంబులు వేశారు. 1942 మార్చి 8న ఊరు వాళ్ల చేతికి పోయింది. ఓడల్లో చోటు తక్కువ, అది కూడా డబ్బున్నవాళ్లకి, తెల్లవాళ్లకి ముందు. మిగతావాళ్లు నడిచారు. కొందరు అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు, కొందరు తాము అనే ఊరి మీదుగా మణిపూర్ వచ్చి దిమాపూర్‌లో రైలెక్కారు. లక్షల మంది. కలరా, మలేరియా, ఆకలి. దారిలో పోయినవాళ్ల పేర్లు ఎవరు రాస్తారు?

ఇంకో సంగతి. 1942 ఏప్రిల్ 6న మన విశాఖ మీద కూడా బాంబులు పడ్డాయి. ఊరు సగం ఖాళీ అయిపోయింది, జనం పల్లెలకి పరుగులు పెట్టారు. అటునుంచి ఎవరైనా ఉత్తరం రాసినా ఇక్కడ తీసుకునేవాడు ఇంట్లో ఉన్నాడో లేదో.

ఎంవీపీ_సుధ
దొరికితే ఏం చేస్తావని పైన అడిగాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా కిరణ్. వెతుకు.

మర్రిపాలెం_కిరణ్
పెదనాన్న చెప్పింది ఇది. తాతమ్మ ఉన్నన్నాళ్లూ ముత్తాత పేరున బట్టలు పెట్టనివ్వలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే పండగ పూట గొడవే. ఆవిడ పోయిన ఏడాది, ఆవిడ చీర పక్కన ఆయన పంచె మొదటిసారి పెట్టారట. అది 1971 సంక్రాంతి. అంటే మా ఇంటి లెక్కలో ఆయన యుద్ధంలో పోలేదు. తాతమ్మతో పాటు పోయాడు.

(ఆఫీసులో కూర్చుని టైపు చేస్తున్నా, ఇంతకంటే రాయలేను.)

కంచరపాలెం_లక్ష్మి
ఇంతకంటే పెద్ద రికార్డు ఏ దేశంలో దొరుకుతుంది అన్నా.

పాత_కాగితాలు
మా నాన్న దస్తావేజు లేఖరి, నేనూ అదే పని. భావోద్వేగం పక్కన పెట్టి పని మాట చెప్తా. మీరందరూ బర్మాలో వెతుకుతున్నారు. మనిషి పుట్టింది ఇక్కడ, పొలం ఇక్కడ. రంగం వెళ్లినవాడు డబ్బు పంపేది దేనికి? బాకీ తీర్చడానికి, సెంటో అరెకరమో కొనడానికి. కొన్నప్పుడల్లా దస్తావేజు పుడుతుంది. అందులో తండ్రి పేరు, కులం, వృత్తి, ఊరు, ఇప్పుడు ఎక్కడ కాపురం ఉంటున్నాడో రాస్తాం. "రంగూన్ పట్టణమందు కాపురముండి ప్రస్తుతం స్వగ్రామం వచ్చియున్న" అనే మాట పాత నకళ్లలో నా కళ్లతో ఎన్నిసార్లు చదివానో.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజులు 1వ పుస్తకంలో ఎక్కుతాయి. దాన్నీ దాని ఇండెక్సునీ రుసుం కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. చట్టంలోనే ఉంది. కంప్యూటర్‌లో తీసే ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) పాత కాలానికి పనికిరాదు, పుస్తకం తిరగేయాల్సిందే.

రిటైర్డ్_ఆర్‌ఐ
సరిగ్గా చెప్పారు. కిరణ్ గారూ, మీ ఊరు ఏ తాలూకా?

మర్రిపాలెం_కిరణ్
యలమంచిలి దగ్గర. ఊరి పేరు ఇక్కడ వద్దులెండి.

రిటైర్డ్_ఆర్‌ఐ
పాత సర్వసిద్ధి. మీ అదృష్టం బాగుంది. మన జిల్లాలో ఎక్కువ భాగం విజయనగరం రాజావారిదీ, ఇతర జమీందార్లదీ. జమీందారీ గ్రామంలో రైతు పేరు ఎస్టేటు లెక్కల్లో ఉండాలి తప్ప సర్కారు దగ్గర ఉండదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి, సర్వే చేసి, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అనే భూమి లెక్కల పుస్తకం రాసేదాకా అంతే. సర్వసిద్ధిలో రైత్వారీ గ్రామాలు, అంటే రైతే నేరుగా సర్కారుకి శిస్తు కట్టేవి, ఎక్కువ. మీది అలాంటిదైతే పాత సెటిల్‌మెంటు డైగ్లాట్ అనే భూమి రిజిస్టరు ఉంటుంది, ఇంగ్లీషులో, తెలుగులో పట్టాదారు పేరుతో. సర్వే నంబరు తెలుసుకోండి ముందు. పేరుతో వెళ్తే ఎవరూ తీయరు, నంబరుతో వెళ్తే తీస్తారు.

సముద్రం_మాస్టారు
మద్రాసు రికార్డులు కూడా వదలకండి. మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం కాబట్టి పాత ప్రభుత్వ కాగితాలు చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

పాత_కాగితాలు
మాస్టారూ, చెన్నై వెళ్లి నెల రోజులు కూర్చుంటే వలసల మీద సర్కారు ఉత్తర ప్రత్యుత్తరాలు దొరుకుతాయి. పీహెచ్‌డీకి పనికొస్తుంది. కిరణ్ ముత్తాతకి పనికిరాదు. బస్సు చార్జీ పెట్టుకుని యలమంచిలి వెళ్లమనండి.

సముద్రం_మాస్టారు
మూడోసారి వెనక్కి తీసుకోను. నాటాల్, ఫిజీ వాళ్ల వారసులకి చెన్నై కావాలి. మీరన్నది బర్మా వాళ్లకి సరే.

గోదారోడు_వైజాగ్‌లో
జనన మరణాల రిజిస్టర్లు? జనాభా లెక్కలు?

రిటైర్డ్_ఆర్‌ఐ
జనాభా లెక్కల్లో ఇంటింటి పేర్ల పత్రాలు మనదేశంలో దాచలేదు, అంకెలే మిగిలాయి. ఇంగ్లండులో, అమెరికాలో దాచారు, అందుకే ఆ వెబ్‌సైట్లు వాళ్లకి పనిచేస్తాయి. జనన రిజిస్టరు మునసబు రాసేవాడు. పుట్టిన రోజుకి పేరు పెట్టరు కాబట్టి "మగ శిశువు" అని ఉంటుంది, తండ్రి పేరుతో పట్టుకోవాలి. చెదలు తినకుండా మిగిలితే.

భీమిలి_బుజ్జి
చెదపురుగులకే అందరి వంశాలూ తెలుసు. వాటిని అడగాలి.

ఎంవీపీ_సుధ
మా అత్తగారి ఊళ్లో వంశరాజులు వచ్చి ఇంటిపేరు చెప్పగానే ఏడు తరాలు పాడేవారట. ఇప్పుడు రావడం లేదు. అలా పాడినాయన మనవడు ఆటో నడుపుతున్నాడు.

డర్బన్‌లో_తెలుగోడు
ఆర్‌ఐ గారికి పెద్ద నమస్కారం! ఆవిడ ముత్తాత తర్వాతి నంబరు కుర్రాడికి ఊరు పూర్తిగా ఉంది. ఒకే తాలూకా, ఒకే ఓడ, తండ్రి పేరు కూడా ఒకటే. తమ్ముడన్నమాట! వాళ్లింట్లో తమ్ముడున్నాడనే ఎవరికీ తెలియదు. వేరే తోటకి పంపేశారు, అక్కడితో విడిపోయారు. ఆవిడ నా డెస్క్ దగ్గర నిలబడి ఏడుస్తోంది, నేను టిష్యూలు వెతుకుతున్నా.

ఊరి పేరు మీకు ప్రైవేటుగా పంపుతా, వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. చుట్టాలు ఉన్నారా అని అడగడం లేదు, చెరువు, గుడి ఫొటోలు చాలట.

భీమిలి_బుజ్జి
జోకులు ఆపుతున్నా. నా బండి ఉంది, చోడవరం ఎంత దూరం, ఆదివారం నేను వెళ్తా.

కొత్తరోడ్డు_కుర్రోడు
నేనూ వస్తా. మా ఇంటి పక్కన మారిషస్ నుంచి వచ్చిన ఫ్యామిలీ సింహాచలం దర్శనానికి వచ్చి దిగారు మొన్న. వాళ్లకి ఓసీఐ కార్డు (విదేశాల్లోని భారత సంతతివాళ్లకి ఇచ్చేది) ఏడో తరం దాకా ఇస్తామన్నారట, 2024లో. పాత వలస కాగితం అక్కడ మోకా అనే ఊళ్లో ఏదో ఇన్‌స్టిట్యూట్‌లో తీసుకున్నామని చెప్పారు, ఫొటోతో సహా.

సముద్రం_మాస్టారు
మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్. మారిషస్ వాళ్లు 1860ల నుంచే కూలీల ఫొటోలు తీయించారు. పారిపోతే పట్టుకోవడానికే తీశారు. ఇప్పుడు మనవలకి అదొక్కటే తాత మొహం.

మోడరేటర్
థ్రెడ్ బాగా నడుస్తోంది. ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకండి, ప్రైవేటు సందేశాల్లో పంపుకోండి. డీఎన్‌ఏ కంపెనీ లింకులు రెండు తీసేశాను.

మర్రిపాలెం_కిరణ్
మూడు వారాల తర్వాత వస్తున్నా. నాన్నగారితో కలిసి రిజిస్ట్రార్ ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాం. మొదటిసారి "పాత పుస్తకాలు తీసేవాడు సెలవు" అన్నారు. రెండోసారి కరెంటు లేదు. మూడోసారి ఆర్‌ఐ గారు చెప్పినట్టు సర్వే నంబరు పట్టుకెళ్లాం, ఒక పెద్దాయన గుమాస్తా తానే నిచ్చెన ఎక్కాడు.

దొరికింది. 1934. మా ముత్తాత ఎనభై సెంట్లు కొన్నాడు. నకలు నా చేతిలో ఉంది. పాత_కాగితాలు గారు చెప్పిన వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఉంది, "రంగూన్ పట్టణమందు బియ్యపు మిల్లులో కూలీ చేసుకొని కాపురముండి ప్రస్తుతం స్వగ్రామం వచ్చియున్న". బియ్యపు మిల్లు! ఇంట్లో అందరూ టేకు మిల్లు అనుకునేవాళ్లు, ఆ పెట్టె చూసి.

రిటైర్డ్_ఆర్‌ఐ
శభాష్. 1934 అంటే అప్పటికి మన రేవు కొత్తగా తెరిచి ఏడాదే.

సముద్రం_మాస్టారు
అవును, 1933 అక్టోబరు 7న జలదుర్గ ఓడ లోపలి హార్బరుకి వచ్చింది. అంతకుముందు స్టీమరు సముద్రంలోనే ఆగితే ఒడ్డు నుంచి పడవల్లో వెళ్లి ఎక్కేవారు. మీ ముత్తాత మొదటిసారి పడవలో తడుచుకుంటూ వెళ్లి ఉంటాడు కిరణ్ గారూ.

పాత_కాగితాలు
కిరణ్, సంతకం ఏమని ఉంది నకల్లో?

మర్రిపాలెం_కిరణ్
"వ్రేలిముద్ర" అని రాసి ఉంది. ముద్ర లేదు, మాట మాత్రమే.

పాత_కాగితాలు
నకలు కాబట్టి మాటే ఉంటుంది. కానీ రిజిస్ట్రేషన్ రోజున ఆఫీసులో వేలిముద్రల పుస్తకం విడిగా ఉంటుంది, అందులో అసలు ముద్ర వేయిస్తారు. కొనేవాడు తనే హాజరై దస్తావేజు దాఖలు చేసి ఉంటే ఆయనదీ ఉంటుంది. పబ్లిక్‌కి చూపించాలని రూలు లేదు. ఆ నిచ్చెన పెద్దాయన్ని మంచిగా అడిగి చూడండి. దస్తావేజు నంబరు, తేదీ చెప్పండి చాలు.

భీమిలి_బుజ్జి
మేం చోడవరం వెళ్లొచ్చాం, ఆ కథ విడిగా రాస్తా. చెరువు ఉంది, గుడి ఉంది, డర్బన్ ఆవిడకి నలభై ఫొటోలు పంపాం. గుడి పూజారి మమ్మల్నే ఆఫ్రికా వాళ్లనుకుని శఠగోపం రెండుసార్లు పెట్టాడు.

మర్రిపాలెం_కిరణ్
చూశాం.

పెద్దాయన ముందు కుదరదన్నాడు. నాన్నగారు ఏమీ అనకుండా బెంచీ మీద కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనాల వేళ పెద్దాయనే పిలిచి, పుస్తకం టేబులు మీద పెట్టి, ఫొటో తీయొద్దు అని పక్కకి వెళ్లాడు.

ఎడమ బొటనవేలు. సిరా కొంచెం ఎక్కువై ఒక పక్క అలుక్కుపోయింది. మధ్యలో అడ్డంగా ఒక గీత ఉంది, గీతలు అక్కడ తెగిపోయాయి. ఏదో కోసుకున్న మచ్చ.

నాన్నగారు ఆ ముద్ర మీద వేలు పెట్టలేదు, పక్కన కాగితం మీద పెట్టి కాసేపు అలాగే ఉంచారు. బయటికొచ్చి టీ తాగుతూ, "మచ్చ ఉందిరా, మీ వీధి ఆయనకి చెప్పు" అన్నారు.